వణికే స్టీరింగు వల్ల ప్రయోజనాలు

చక్రాలు సరిగ్గా బిగించిన కారంత ప్రమాదకరమైన వస్తువు ఇంకొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. పూర్తిగా చదివాక నవ్వుదురు గాని.

నున్నగా పోయే కారులో ఏం జరుగుతుంది? డ్రైవరుకు కునుకు పడుతుంది. స్టీరింగు గడగడా వణుకుతుంటే పడుతుందా? చిక్కబళ్ళాపురం దాటి, బాగేపల్లి వైపు హైవేలో ఎనభై అందుకున్నానంటే చాలు, నా కారు స్టీరింగుకు చలిజ్వరం వస్తుంది. కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది. ప్రభుత్వం బోర్డులు పెట్టి సాధించలేనిదాన్ని నాలుగు చక్రాలు సాధించాయి!

ఇంకా చూడండి. భుజాల నొప్పికి డాక్టరు దగ్గరికి పోయే పని లేదు. ఫ్లాస్కులో పోసుకున్న కాఫీ ఎప్పుడు తీసినా నురుగుతోనే ఉంటుంది. చింతామణి మార్కెట్లో కొన్న టమోటాలు బాగేపల్లి చేరేసరికి చారుకు సిద్ధం.

ఇన్ని సుఖాలు ఊరికే రావు. చింతామణి రోడ్డులో టైర్ల షాపు నడిపే ధనుంజయ లాంటి వాళ్ళు శ్రద్ధగా శ్రమించాలి.

చక్రాన్ని మిషన్ మీద తిప్పి, తూకం చూసి బ్యాలెన్స్ చేసే ముందు దానికి అంటిన మట్టి కడగాలని కంపెనీ పుస్తకాల్లో రాసుంటుందట. ధనుంజయ కడగడు. నేను పోయొచ్చిన నాగరగెరె పొలాల మట్టి అది, పంట పండించే మట్టి! దాన్ని డ్రైనేజీ పాలు చేస్తాడా? మట్టితో సహా తూకం సరిచేస్తాడు. ఆ మట్టి హైవేలో పెళ్ళలుగా రాలిపోతే, అది మట్టి తప్పు. తూకం కోసం చక్రానికి అంటించిన పాత సీసం ముక్కలు పీకి, కొత్తవి అంటించాలట. ధనుంజయ పాతవి పీకడు, వాటి పక్కనే కొత్తవి కొడతాడు. పెద్దవాళ్ళను ఇంట్లోంచి పంపేయని సంస్కారం. నట్లు ఎదురెదురుగా మార్చి మార్చి బిగించాలట. ఈయన వరసగా, ప్రదక్షిణంగా బిగిస్తాడు.

అయినా మిషన్ ప్రతిసారీ తూకంలో తేడా జీరో అని చూపిస్తుంది. మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ మళ్ళీ జీరో.

"మిషనే జీరో చూపిస్తాండాది గదన్నా, ఇంగేం గావాల?" అన్నాడు ధనుంజయ. మొదట రోడ్డు బాగలేదన్నాడు. తర్వాత టైరు కంపెనీని తిట్టాడు. చివరికి కారు చుట్టూ ఒకసారి తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "ముందు సీట్లో కూసునేది ఎవురన్నా?"

"మా ఆవిడ."

"అట్ల చెప్పు మరి. బరువంతా ఒగ పక్కకే పడతాండాది."

బుద్ధి ఉన్నవాడెవడైనా ఈ మాటను షాపులోనే వదిలేసి వస్తాడు. నేను ఇంటికి మోసుకెళ్ళాను.

మా ఆవిడ అంబికకు చెప్పేశాను. ఆ ఆదివారం బాగేపల్లిలో వాళ్ళక్క ఇంటికి పోవాలి. చీర కట్టుకుని, బ్యాగు తీసుకుని, బస్టాండుకు నడిచింది. "బరువు లేదు గదా, హాయిగా రాండి" అంది వెళ్తూ. బస్సు వెనకాలే కారు నడిపాను. నా పక్క సీటు ఖాళీ. స్టీరింగు మాత్రం ఎప్పటిలాగే వణుకుతోంది. ఇన్నేళ్ళలో ఆ దారిన ఒంటరిగా పోవడం అదే మొదలు. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చినంత పనైంది. వాళ్ళక్క గుమ్మంలోనే నిలబెట్టి, "ఏమప్పా, కొట్లాడుకోనుండారా?" అని అడిగింది.

మరుసటి వారం అంబిక తనే షాపుకు పోదామంది. బండి దిగి నేరుగా మిషన్ దగ్గరికి వెళ్ళింది.

ఆ మిషన్‌ను మీరు చూడాలి. మొన్నటి ఆయుధపూజకు కట్టిన దండ ఎండిపోయి ఇంకా వేలాడుతోంది. చక్రాన్ని నడిమధ్య పట్టి నిలబెట్టే ఇనుప కోను మీద గంధం, దాని మీద కుంకుమ, దాని మీద ప్రతి శుక్రవారం మళ్ళీ గంధం, మళ్ళీ కుంకుమ. అంతా గట్టిపడి పెచ్చు కట్టింది. చక్రం దాని మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంటోంది. పాపం మిషన్, ఒరిగిన చక్రాన్నే తూచి జీరో చెబుతోంది.

"దీన్ని తుడవవా?" అని అడిగింది అంబిక.

"అయ్యో, పూజ జేసినేది గదమ్మా. తుడిస్తే దోషం."

"ఇంట్లో దేవునికైనా పాత గంధం కడిగినాకే గదప్పా కొత్త గంధం పెట్టేది? నీ మిషన్ దేవునికంటే పెద్దదా?"

ధనుంజయ కోను మీది పెచ్చును గోటితో గీకి చూశాడు. తర్వాత బకెట్టు, గుడ్డ తెచ్చాడు. కోను తుడిచాడు. ఆ ఊపులో చక్రాల మట్టి కూడా కడిగాడు, పాత సీసం ముక్కలు పీకాడు. నట్లు ఎదురెదురుగా బిగించాడు. అంటే, పుస్తకంలో ఉన్నదంతా ఆయనకు ముందే తెలుసన్నమాట!

అప్పట్నుంచీ నా కష్టాలు చెప్పనలవి కావు. కాఫీలో నురుగు లేదు. టమోటాలు టమోటాల్లాగే చేరుతున్నాయి. దేన్నైనా కడగమంటే కాదని, దానికి బొట్టు పెట్టి దండం పెట్టి ఊరుకునే మన సుఖాన్ని ఒక్క ఆడమనిషి పాడు చేసింది.

మొన్న ఆదివారం బాగేపల్లి దారిలో ఎనభై దాటాను. స్టీరింగు కదల్లేదు. పక్క సీట్లోంచి అంబిక మెల్లగా అడిగింది. "ఏమండీ, ఇప్పుడు నా బరువు తగ్గిందా?"

నేను రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. స్టీరింగు వణకడం లేదు గాని, దాన్ని పట్టుకున్న చేతులు వణికాయి.