పదకొండు కిలోమీటర్ల ప్రదక్షిణం

"ఆదర్శవంతమైన మోటారు రేసింగ్ సర్క్యూట్ ఎలా ఉండాలని రేపు ప్రపంచంలో ఎవరైనా అడిగితే, నడిపిలంకలా ఉండాలని చెప్పుకోవాలి!"

క్రీడలు, రవాణా శాఖల మంత్రి జగ్గారావుగారు అమలాపురంలో ఈ మాట ప్రకటించినప్పుడు నేను ముందు వరసలో కూర్చుని రాసుకుంటున్నాను. మా పత్రికకు మండల విలేకరిని నేనే. ఈ ఉద్యోగానికి జీతం ఉండదు గాని ముందు వరస ఉంటుంది. మంత్రిగారు చెప్పింది చెప్పినట్టు రాయడం తప్ప నాకు వేరే దురలవాట్లు లేవు. ఆ రోజు మాత్రం పెన్ను ఆగిపోయింది. ఎందుకంటే నడిపిలంక మా ఊరే.

మా ఊరి ముందు అరవై అడుగుల వెడల్పున పంట కాలువ ఉంది. అవతలి గట్టు మీద బస్సులు తిరిగే తారురోడ్డు, దాని పక్కనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉన్నాయి. తొమ్మిదేళ్ల కిందట వరదకి తాటిదూలాల వంతెన కొట్టుకుపోయింది. అప్పటినుంచి అవతలికి వెళ్లాలంటే గట్టు వెంబడి చుట్టూ తిరిగి, నీటిని ఆపే లాకుల దగ్గర కాలువ దాటి, అవతలి గట్టు పట్టుకుని వెనక్కి రావాలి. మొత్తం పదకొండు కిలోమీటర్లు. అంతా తిరిగి దిగాక చూస్తే ఎదురుగా మన ఇల్లే కనిపిస్తుంది.

జ్ఞానమ్మ టీచరుగారి ఇల్లు సరిగ్గా ఒడ్డునే ఉంది. ఒకటో తరగతిలో నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆవిడ అరుగు మీద కూర్చుంటే ఆసుపత్రి బోర్డు చదవచ్చు: ఓపీ 9 నుంచి 12 వరకు. ఆవిడ భర్త సీమోనుగారు రిటైరైన పోస్టుమాన్. నలభై ఏళ్లు ఊరంతా నడిచిన ఆ కాలికి చక్కెర జబ్బు వల్ల పుండు పడింది. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. కాలు కుదపకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. చుట్టుదారిలో ఆటో వెళ్లేసరికి కట్టంతా రక్తమయ్యేది. "ఇలాగైతే వేలు తీసేయాలి. వేలుతో ఆగుతుందని కూడా చెప్పలేను" అన్నారాయన. టీచరుగారు వంతెన కోసం అప్పటికి నలభై ఒక్క అర్జీలు పెట్టారు. నలభై ఒక్కటీ నేను వార్తగా రాశాను, మా వాళ్లు వాతావరణం పక్కన వేశారు.

సర్వేకి హైదరాబాద్ నుంచి సర్క్యూట్ నిపుణుడు హర్షగారు వచ్చారు. నీలం కళ్లద్దాలు, చేతిలో ట్యాబు. మా శ్యామ్ బాబు ఆటో ఎక్కారు. నేనూ పక్కన ఇరుక్కున్నాను.

మొదటి గోతిలో ఆటో దిగి లేచింది. హర్షగారి తల పైన కమ్మీకి తగిలింది.

"ఎలివేషన్ చేంజ్!" అన్నారాయన తల రుద్దుకుంటూ. "కోనసీమ అంతా చదును అనుకున్నాను. వండర్‌ఫుల్. టర్న్‌లు ఎన్ని?"

"నలభై మూడండి" అన్నాడు శ్యామ్ బాబు. "ఆరింటి దగ్గర హారన్ కొట్టాలండి. రెండింటి దగ్గర దేవుణ్ణి తలుచుకోవాలండి."

హర్షగారు రెండూ రాసుకున్నారు.

"కారు అదుపు తప్పితే స్పీడు తగ్గించడానికి గ్రావెల్ ట్రాప్ అని ఉంటుంది. మీకు ఆల్రెడీ ఉందే!"

"అది ధాన్యమండి. ఆరబెట్టేరు."

"ఇంకా సాఫ్ట్. మరి ఆ గుట్టలు?"

"కొబ్బరి డొక్కలండి. ఒలుపులయ్యేక అక్కడ పోసేరు."

"టైర్ల గోడ ఖర్చు తప్పింది. రనాఫ్ ఏరియా ఏది? అంటే కారు రోడ్డు దిగిపోతే పట్టే జాగా."

"ఎడం పక్క కాలువండి, కుడి పక్క మురుగు బోదెండి. ఎటైనా పడుద్దండి."

"రెండు వైపులా ఉందన్నమాట" అని హర్షగారు టిక్కు పెట్టారు.

"గోతులు పూడుస్తారాండి?" అని శ్యామ్ బాబు ఆశగా అడిగాడు.

"అయ్యో, ఎందుకు పాడు చేయడం? ఈ ట్రాక్ క్యారెక్టరే అది!"

తర్వాత గ్రామసభ జరిగింది. మంత్రిగారికి చుట్టుదారిలో రావడానికి తీరిక లేనందువల్ల సభ అవతలి గట్టు మీద పెట్టి, మైకులు మా వైపు తిప్పారు. మేము ఇవతలి గట్టు మీద నిలబడి సభలో పాల్గొన్నాం. ఆదర్శ సర్క్యూట్‌కు కావలసిన లక్షణాలు ఏవేవో మంత్రిగారు గంటసేపు చెప్పారు. అన్నీ మా రోడ్డులో ఉన్నాయని తేలింది. నేను ఇన్నేళ్లూ ఆ రోడ్డును తిట్టుకున్నందుకు నిజంగా సిగ్గుపడ్డాను.

అప్పుడు జ్ఞానమ్మ టీచరుగారు లేచారు. ఆవిడకి మైకు అవసరం లేదు. ముప్ఫై ఏళ్లు అరవై మంది పిల్లల్ని అరిచి కూర్చోబెట్టిన గొంతు అది.

"ఒక్క సందేహమండి మంత్రిగారూ! కార్లు మా ఒడ్డున బయల్దేరి మీ ఒడ్డుకి వచ్చేస్తాయి, బానే ఉందండి. మరి రెండో చుట్టుకి మళ్లీ మా ఒడ్డుకి ఎలాగొస్తాయండి? ఎగురుతాయాండి?"

మంత్రిగారు హర్షగారి వైపు చూశారు. హర్షగారు మ్యాపు వైపు చూశారు. ఆ మ్యాపులో కాలువ ఆయన బొటనవేలి కింద ఉండిపోయింది. వేలు తీసి చూసి, మంత్రిగారి చెవిలో చెప్పారు. మైకు ఆన్‌లోనే ఉంది.

"లూప్ క్లోజ్ అవ్వాలి సార్. అవ్వకపోతే దాన్ని సర్క్యూట్ అనరు. రోడ్డు అంటారు."

"రోడ్డా!" అని మంత్రిగారు ఉలిక్కిపడ్డారు. "ఛ, బ్రిడ్జి వేసేయండి."

తొమ్మిదేళ్లలో కానిది తొమ్మిది క్షణాల్లో అయిపోయింది. టీచరుగారు గట్టు మీదే కూలబడి ఏడ్చేశారు. అరుగు మీద సీమోనుగారు తువ్వాలు గాలిలో ఊపారు. నాకూ కళ్లు తడిసాయి. పత్రికలో మాత్రం 'మంత్రి సమయస్ఫూర్తి' అని రాశాను.

డెబ్భై రోజుల్లో ఇనుప వంతెన లేచింది. మా ఒడ్డున వంతెన మొదట్లో పెద్ద ఆర్చి, ఆర్చి మీద మంత్రిగారు చిరునవ్వుతో నమస్కరిస్తున్న ఫ్లెక్సీ, దాని కింద ఒక కెమెరా వచ్చాయి, రెండూ వంతెనకేసి చూస్తూ.

ప్రారంభం రోజున చెన్నై నుంచి ఒక రేసు కారు తెచ్చారు. నేలకి మూడంగుళాల ఎత్తు ఉంది. మంత్రిగారు జెండా ఊపగానే పులిలా లంఘించి, మొదటి గోతిలో కూర్చుంది. ట్రాక్టరు వచ్చి లాగుతుండగా, అధికారులకి టీ ఫ్లాస్కులు పట్టుకెళ్లిన శ్యామ్ బాబు ఆటో చుట్టంతా తిరిగి వంతెన మీదుగా గీత దాటింది. ఇరవై ఆరు నిమిషాలు. మంత్రిగారు అక్కడికక్కడే అతని మెడలో పతకం వేసి, ప్రపంచ ల్యాప్ రికార్డు నడిపిలంక ఆటోదేనని ప్రకటించారు. టీ చల్లారలేదని కూడా నేను రాశాను.

మర్నాడు పొద్దున్నే టీచరుగారు సీమోనుగారికి ఉతికిన చొక్కా తొడిగి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వంతెన దగ్గరికి తోసుకొచ్చారు. విజిల్ ఊదుతూ పోలమ్మ అడ్డొచ్చింది. మా ఊరి పోలమ్మే. చీర మీద నీలం చొక్కా వేసుకుంది, అవుట్‌సోర్సింగ్‌లో కొత్తగా వచ్చిన ఉద్యోగం.

"ఇటెళ్లకూడదండి టీచరుగారూ. రాంగ్ డైరెక్షనండి."

"ఏం రాంగే? ఆసుపత్రి అటే కదా."

"ఆసుపత్రి అటేనండి. రేసు ఇటండి" అని పోలమ్మ నేల మీది బాణం చూపించింది. బాణం అవతలి ఒడ్డు నుంచి మా ఊరి వైపు ఉంది. "కార్లు చుట్టూ తిరిగొచ్చి అట్నుంచి ఇటు దాటతాయంటండి. ట్రాక్ మీద అందరూ అలాగే రావాలంటండి. ఆ కెమెరా అమలాపురంలో కంట్రోల్ రూముకి కనపడుద్దండి. మొహం కనపడితే రైటు, వీపు కనపడితే రాంగు. రాంగుకి ఐదొందలు ఫైనండి. నా ఉద్యోగం కూడా పోద్దండి."

టీచరుగారు నలభై రెండో అర్జీ పెట్టారు. రేసు దిశ మార్చమని అడిగారు. ఈసారి వారంలోనే జవాబు వచ్చింది. వాడపల్లి గుడిలో ఏడు శనివారాలు ప్రదక్షిణలు చేసిన అనుభవంతో దిశను మంత్రిగారే స్వయంగా ఖరారు చేశారనీ, దాన్ని తిప్పితే అప్రదక్షిణమై రాష్ట్రానికే అరిష్టమనీ అందులో ఉంది. చివర 'మీ క్రీడాస్ఫూర్తికి అభినందనలు' అని కూడా ఉంది.

కాబట్టి సీమోనుగారు ఎప్పటిలాగే పదకొండు కిలోమీటర్లు కుదుపుల్లో వెళ్లి, వచ్చేటప్పుడు వంతెన మీదుగా రెండు నిమిషాల్లో ఇంటికొచ్చేవారు. ఊరంతా అంతే. కంట్రోల్ రూము లెక్క ప్రకారం ప్రపంచంలో రోజూ ఇన్ని ల్యాపులు పడే సర్క్యూట్ ఇంకొకటి లేదు. సీమోనుగారి వేలు నల్లబడటం మొదలైంది. డాక్టరు ఇంకొక్క వారం గడువిచ్చారు.

ఆ సాయంత్రం టీచరుగారు ఆర్చికి అంటించిన నిబంధనల కాగితాన్ని మూడుసార్లు చదివారు. మా జవాబు పత్రాలు కూడా అలాగే చదివేవారు.

"పోలమ్మా, మొహం కనపడాలని ఉంది. నడక ఎటుండాలో ఎక్కడైనా ఉందా?"

పోలమ్మ ఆలోచించింది. "ఆయ్, లేదండి. మొహం కనపడితే చాలన్నారండి."

మర్నాడు టీచరుగారు కుర్చీని మా ఊరి వైపు తిప్పారు. కుర్చీ వెనక నిలబడి, తనూ మా ఊరి వైపే ముఖం పెట్టి, కెమెరాకేసి చూస్తూ, ఒక్కొక్క అడుగూ వెనక్కి వేస్తూ కుర్చీని ఆసుపత్రి వైపు లాక్కుపోయారు. ఒక్క కుదుపు లేదు. కట్టు తెల్లగానే ఉంది. అవతలి ఒడ్డు చేరాక సీమోనుగారు మాకు చెయ్యి ఊపారు.

నాలుగు రోజుల్లో ఊరంతా వెనక్కి నడవడం నేర్చుకుంది. బడి పిల్లలు, చూలింతలు, పాలకేన్ల వాళ్లు, సైకిళ్లు నడిపించుకుంటూ కొబ్బరి దింపు కార్మికులు, అందరూ ముఖాలు ఆర్చికేసి పెట్టి వెనక్కి వెనక్కి పోయేవారు. పోలమ్మ అవతల నిలబడి దారి చెప్పేది. "ఎడం... ఎడం... ఇంకో అడుగు... ఆగండి, గట్టొచ్చేసింది!"

ఈ దృశ్యం కంట్రోల్ రూము నుంచి మంత్రిగారికి చేరింది. ఆయన ఆగలేకపోయారు. ఆ సోమవారమే ఏడు కార్లతో వచ్చి, బాణం వైపే వంతెన దాటి, తన ఫ్లెక్సీ కిందే నిలబడి చూశారు. బొమ్మకేసి చూస్తూ వెనక్కి నడిచి వెళ్తున్న జనాన్ని చూసి ఆయన కండువాతో కళ్లొత్తుకున్నారు.

"నా ఫోటోకి కూడా వీపు చూపించలేని ప్రజలు!" అని ఆయన ప్రసంగం మొదలుపెట్టారు. దారి మూసుకుపోయింది. అప్పటికి పదకొండున్నర. సీమోనుగారి కట్టు రోజు అది. కుర్చీ ఆర్చి దగ్గర ఆగిపోయింది. టీచరుగారు ప్రసంగం వినడం లేదు. అవతల ఆసుపత్రి షట్టరు మీదే ఆవిడ చూపు ఉంది.

పన్నెండుకి పది నిమిషాలుందనగా మంత్రిగారి చూపు ఆవిడ మీద పడింది. "ఇంకేం కావాలమ్మా?"

"దారి ఇప్పించండి బాబూ, చాలు."

"ఇచ్చేశాం కదమ్మా, పదకొండు కిలోమీటర్లు!" అని మంత్రిగారు నవ్వారు. మేమూ నవ్వాం. ఆయన కారెక్కారు.

పోలమ్మ సెల్యూట్ చేసింది. "చుట్టూ వెళ్లాలండి. ఇటు రాంగ్ డైరెక్షనండి."

డ్రైవరు గట్టు రోడ్డు వైపు చూశాడు. మంత్రిగారు కూడా అద్దం దించి చూశారు. ఆదర్శ సర్క్యూట్ మీద ఆయన కారు వెళ్లాల్సి రావడం అదే మొదటిసారి. మొదటి గోతిలో మూడు బాతులు ఈదుతున్నాయి. కాసేపు చూసి, అద్దం ఎత్తి, డ్రైవరు భుజం తట్టి ఏదో అన్నారు.

ఏడు కార్లకీ వెనక తెల్ల లైట్లు వెలిగాయి. కీంకీంమంటూ ఒకదాని వెనక ఒకటి వంతెన మీద వెనక్కి కదిలాయి. అన్నిటికన్నా చివర మంత్రిగారి కారు. ఆయన ముందు సీట్లోంచి మాకేసి చేతులు జోడించే ఉన్నారు. పోలమ్మ ఒక్క క్షణం కెమెరా వైపు చూసి, అవతలికి పరిగెత్తింది. "ఎడం... ఎడం... కొంచెం కుడి..."

ఆ కారు కదలగానే టీచరుగారు కుర్చీని తిప్పి, కారు ముందు నుంచి వెనక్కి అడుగులు వేయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఆగిపోయిన జనమంతా ఆవిడ వెంట కదిలారు. అందరి ముఖాలూ మా ఊరి ఆర్చి వైపే ఉన్నాయి. కారు అద్దంలోంచి నమస్కరిస్తున్న మంత్రిగారికి ఎదురుగా ఉన్నవన్నీ వీపులే.

అవతల కాంపౌండరు షట్టరు సగం దించాడు. ఏడు కార్లు తన వైపు వస్తుండటం చూసి, కంగారుగా మళ్లీ పైకెత్తేశాడు. పన్నెండుకి రెండు నిమిషాలుంది. సీమోనుగారి కట్టు మారింది. వేలు ఉంటుందని డాక్టరు చెప్పారు.

మర్నాటి పేపర్లో వాతావరణం పక్కన నా వార్త వచ్చింది: 'మంత్రి చొరవతో రోగికి సకాలంలో వైద్యం.'