పొట్టేలు నోట్లో తాత నవ్వు

ఇట్లా దగ్గరికి జరగండి, చెవులు ఇటు పెట్టండి. తెలంగాణ వచ్చే ముందటి ఏడు, మోతెలో ఐలన్న ఇంట్లో జరిగిన సంగతి ఇది. మధ్యలో నవ్వారంటే మళ్ళీ మొదటి నుంచి చెప్తాను, మీ ఇష్టం.

ఐలన్న కొడుకు తిరుపతిది హైదరాబాదులో నౌకరీ. ఆ ఇంటి మగవాళ్ళకు పైపళ్ళు చూరులాగా ముందుకొచ్చి ఉంటాయి. అందులో ఒకటి పక్కదాని మీదికెక్కి కూర్చుంటుంది. పోయిన తండ్రిది ఒక్క ఫొటో కూడా లేకపోయినా, ఐలన్న అద్దంలో ఇకిలించి, "గీ పండ్లే మా నాయిన ఫొటో" అనేవాడు.

తిరుపతికేమో వాటిని సరిచేయించుకోవాలని. తీగలు కట్టిస్తే తండ్రికి తెలుస్తుందని, గాజులాంటి ప్లాస్టిక్ తొడుగు చేయించుకున్నాడు. పళ్ళకు తొడిగితే కనిపించదు, తినేటప్పుడు తీయవచ్చు. అట్లాంటివి వరసగా మారుస్తూ పోతే పళ్ళు మెల్లగా వెనక్కి జరుగుతాయట. ఇంటి దగ్గర రెండు రోజులుండి, నాయిన కంటపడకుండా వెళ్ళిపోదామనుకున్నాడు.

వచ్చిన మర్నాడు పొద్దున జొన్నరొట్టె తింటూ తొడుగు తీసి, కాగితంలో చుట్టి, గొర్ల దొడ్డి గోడ మీద పెట్టాడు. రొట్టె అయ్యేసరికి కాగితమూ లేదు, తొడుగూ లేదు. పెద్ద పొట్టేలు తీరిగ్గా నములుతోంది.

సరిగ్గా అప్పుడే వేములపల్లి దామోదర్ పటేలు జీపు దిగాడు. ఆయనింట్లో దావత్ ఉంది, విందుకు పొట్టేలు కావాలి.

"ఎన్ని పండ్లది ఐలన్నా?"

"నాలుగు పండ్లది పటేలా, నువ్వే సూడు" అని ఐలన్న పొట్టేలు మూతి పట్టి పెదవి ఎత్తాడు. గొర్రె వయసు కింది పళ్ళను బట్టి చెప్తారు. పైన ముందు పళ్ళు ఏ గొర్రెకూ ఉండవు. దీనికి ఉన్నాయి! మెరుస్తూ, చూరులాగా ముందుకొచ్చి, ఒకటి పక్కదాని మీదికెక్కి.

ఐలన్న చేతికర్ర జారిపోయింది. "మణెమ్మా, ఉరికిరా! మా నాయినొచ్చిండే!"

ఐలన్న భార్య మణెమ్మ చీపురుతోనే వచ్చి చూసింది. ఇరవై ఏళ్ళు ఆ మామకు అన్నం వండిన మనిషి, చటుక్కున కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "అయ్యో మామా! ఇన్నొద్దులు నీకు గడ్డి పెట్టిననా!"

పటేలు చెప్పులు విడిచాడు. ముసలాయనకు ఇష్టమని పక్కింటి సైదమ్మ కల్లు ముంత తెచ్చింది. పొట్టేలు గుక్క తిప్పుకోకుండా తాగింది. "గదే తాగుడు" అని ఐలన్న బోరుమన్నాడు. నిడమనూరు చుట్టాలకు ఫోన్లు పోయాయి. మధ్యాహ్నానికి వాకిట్లో అడుగు పెట్టే సందు లేదు. ఒకాయన పొలం గట్టు తగాదా తెచ్చి తీర్పు అడిగాడు. పొట్టేలు తుమ్మింది. ఓడిపోయానని ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు.

తొడుగు లేకపోతే పళ్ళు మళ్ళీ మొదటికొస్తాయని తిరుపతికి చెమటలు. నిజం చెబుదామంటే నాయిన ఏడుస్తూ నవ్వుతున్నాడు. చివరికి మొక్కుతున్నట్టు వంగి, వేలు పెట్టి తొడుగు లాగేశాడు.

"తాత పండ్లు పీకిండు!" అని సైదమ్మ కేక.

ఐలన్న కర్ర ఎత్తాడు. "మా నాయిన పండ్లే పీకుతవారా!"

"నాయినా, గవి నావే!"

నమ్మేదెవరు? వేరే దారి లేక, పొట్టేలు నోట్లోంచి తీసినదాన్ని అట్లాగే తన నోట్లో పెట్టుకున్నాడు. కల్లు వాసనతో సహా టక్కున కూర్చుంది.

"అంటే మన పండ్లు వద్దా నీకు?" ఐలన్న వేలితో తన పైపళ్ళు తడుముకున్నాడు.

"వద్దని కాదు నాయినా. నవ్వొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్న. ఎన్నేండ్లని?"

ఐలన్న కర్ర దించాడు. "ఫోన్ చెయ్యి, గొర్రె నమిలింది పనికొస్తదో లేదో అడుగు" అన్నాడు.

డాక్టరు తేలిగ్గా తేల్చేశాడు. వరసలో దీని తర్వాతది నీ సంచిలోనే ఉంది కదా, అదేసుకో, ఇది పారేయ్ అన్నాడు. ఆ ముక్క పొద్దున్నే అడగాలని తిరుపతికి తట్టలేదు.

"పారేస్తవా? ఇటు తే!" ఐలన్న తొడుగు లాక్కుని, కడిగి, దేవుడి గూట్లో పెట్టాడు. "మా నాయిన ఫొటోరా గిది. ఇగ నువ్వు ఎట్లన్న నవ్వుకో."

"మరి నా పొట్టేలు?" అన్నాడు పటేలు.

"పొద్దంత మామా అన్న నోటితోని కోసుకపొమ్మంటనా పటేలా?" అంది మణెమ్మ.

ఇది మనసులో పెట్టుకుని మీ పిల్లలకు చెప్పండి. చెప్పినప్పుడు చివరి ముక్క మాత్రం విడిచిపెట్టకండి: తిరుపతి పళ్ళు ఏడాదిన్నరకు చక్కబడ్డాయి, పొట్టేలు మాత్రం కల్లు పోయందే గడ్డి ముట్టలేదు.