పాదసంవాహనాధికారి

పాద మొకటి మోపి బలితలపై నిల్చి
భువిని దివిని గొలిచి పుణ్య మొసగి
నట్టి వామనుండు నడక తప్పినవారి
కాలు నిలుపుగాత కరుణతోడ.

కాళ్ళకు సంబంధించిన కథ కావడంచేత, మూడడుగుల స్వామికి ముందుగా మ్రొక్కి ఉపక్రమించడమైనది.

దుర్మతి నామ సంవత్సరం వైశాఖ మాసంలో, అంబాజీపేట కొబ్బరి వర్తకులు కొందరు సమావేశమై, దేశాభివృద్ధికి అడ్డుపడుతున్న ఒక లోటును కనిపెట్టేరు. కోనసీమలో వరి ఉంది, కొబ్బరి ఉంది, వేదం ఉంది, వాదం ఉంది. జీతం పుచ్చుకొని బంతి తన్నే ఆడవారు మాత్రం లేరు. ఆ లోటు ఆ పూటే పూడ్చబడింది. కోనసీమ మహిళా ఫుట్‌బాలు వృత్తి సంఘం అవతరించింది. కొబ్బరి ఎగుమతి వర్తకులు బుచ్చిరాజుగారు అధ్యక్షులైనారు. ఆయన పుట్టి బుద్ధెరిగి బంతిని తన్నినవారు కారు గాని, గిట్టుబాటు కానివారిని తన్ని తగిలెయ్యడంలో అందెవేసిన కాలు అని సభ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. పండితులు భాస్కరరావుగారు కార్యదర్శి. బంతి గుండ్రంగా ఉంటుందన్న విషయంలో వారిద్దరికీ అభిప్రాయభేదం లేకపోవడం శుభసూచకంగా భావించబడింది.

రాజోలు, కొత్తపేట, పి.గన్నవరం ప్రాంతాలనుంచి ఆటగత్తెలను ఏరి తెచ్చేరు. తలకు కొబ్బరినూనె రాసుకోకుండా మైదానంలో దిగడం సంఘానికి అప్రతిష్ఠ అని మొదటి నిబంధన. ఆ నిబంధన కారణంగా, తలతో కొట్టిన బంతి అనుకున్న దిక్కుకు ఎన్నడూ పోయేది కాదు.

పెద్ద పట్టణాల జట్లకు ఫిజియోథెరపిస్టు అనే ఉద్యోగి ఉంటాడని ఎవరో అన్నారు. ఉండవలసినదే అని సంఘం తీర్మానించింది. ఆ పని మదరాసులో చదివి వచ్చిన రాజోలు కుర్రవాడు కృపానందానికి ఉద్యోగం లభించింది. కాలో చెయ్యో పట్టు తప్పితే మళ్ళీ నడిపించడం అతని విద్య.

ఉద్యోగం పేరును తెలుగులోకి తెచ్చే బాధ్యతను భాస్కరరావుగారు స్వీకరించేరు. నిఘంటువులను మథించి, నిద్రాహారాలు మాని, "పాదసంవాహనాధికారి" అనే పదాన్ని ఉద్ధరించేరు. సంవాహనమంటే ఒత్తడం. ఆ మాట ఎర్రరంగుతో రాయించిన బోర్డును బహుమానంగా కృపానందం ఇంటికే పంపించేరు.

బోర్డు చూసి అతని తల్లి సువార్తమ్మ పక్కింటి మేష్టారిచేత అర్థం చెప్పించుకొంది. చెప్పించుకొని అరుగుమీద కూలబడింది.

"కాళ్ళు పట్టే అధికారా? ఒరే నాన్నా, మీ తాత కామందుల అరుగుల కింద చేతులు కట్టుకుని నిలబడేడు, వాళ్ళ కాళ్ళూ పట్టేడు. మీ నాన్నా పట్టేడు. నువ్వు ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా బతకాలని కదరా మదరాసు దాకా పంపించేను? మదరాసు వెళ్ళి నేర్చుకొచ్చింది ఇదా?"

"అది కాదమ్మా, ఇది వైద్యం."

"బోర్డుమీద వైద్యం అని లేదుగా!"

బోర్డును ఆ రాత్రే గోడవైపు తిప్పి పెట్టేడు కృపానందం. తల్లి ఎదుట తల ఎత్తుకోవడం మాత్రం ఆనాటినుంచీ కష్టమైంది.

ఉద్యోగంలో చేరిన మరునాడే ధర్మసందేహం తలెత్తింది. దానిపై అధ్యక్షులవారు చేసిన ప్రసంగం చిరస్మరణీయం.

"సభాసదులారా! స్త్రీ శక్తిస్వరూపిణి. ఆమె పాదము పూజనీయము. పూజనీయమైన దానిని పరపురుషుడు ముట్టి బాగుచేయుట అపచారము. కావున మన ఉద్యోగి క్రీడాకారిణుల కాళ్ళను తాకరాదని తీర్మానిస్తున్నాను."

పోనీ, ఆ ఉద్యోగం ఆడమనిషికిస్తే? ఉద్యోగం పేరిట ఆడమనిషి ఊరూరా తిరగడం మర్యాద కాదని ఆ సూచన తోసివేయబడింది. ఆటగత్తెలు ఊరూరా తిరగడం మాత్రం సంఘధర్మం.

"మరి నొప్పి తగ్గేదెలాగండీ?" అన్నాడు కృపానందం.

"చూపించవయ్యా! చూసి నేర్చుకుంటారు. నాట్యం అలాగే కదా నేర్చుకునేది!"

"ఎవరి కాలు మీద చూపించమంటారండీ?"

త్యాగమూర్తులు ఇలాంటి వేళల్లోనే బయటపడతారు. బుచ్చిరాజుగారు పంచె మోకాలి దాకా ఎత్తి, కుడికాలు బల్లమీదికి చాపేరు.

ఆనాటినుంచి వైద్యం నిరాఘాటంగా సాగింది. ఏ ఆటగత్తెకు పిక్క పట్టేసినా అధ్యక్షుల పిక్క ఒత్తబడేది. గోలు కాసే పిల్లకు నడుము పట్టేస్తే కార్యదర్శివారు బోర్లా పడుకొనేవారు. ఆటగత్తెలు చుట్టూ నిలబడి, తమ నొప్పులు ఇతరులకు నయమవుతూ ఉండగా శ్రద్ధగా తిలకించేవారు. ఆ ఏటి నివేదికలో, "క్రీడాకారిణుల ఆరోగ్యము దినదినాభివృద్ధి చెందుచున్నది, ఇందుకు నిదర్శనముగా అధ్యక్షులవారు చేతికర్ర వదలివేసినారు" అని రాయబడింది. చప్పట్లు మోగినవి. కొట్టే ఓపిక ఉన్నవారే కొట్టేరు.

ఇలా ఉండగా జట్టు నాయకురాలు రూతు, పి.గన్నవరం పిల్ల, సాధన చేస్తూ కొబ్బరిడొక్కమీద కాలు వేసి జారింది. కుడి చీలమండ బెణికింది. యథావిధిగా బుచ్చిరాజుగారి కుడి చీలమండకు కట్టు పడింది.

"మాస్టారూ, నా కాలి వాపు పెసిడెంటుగారికి తగ్గిందాండీ?" అంది రూతు, గోడ పట్టుకు నిలబడి.

"నవ్వకమ్మా."

"ఏడిస్తే మటుకు? ఆ ఏడుపూ ఆరే ఏడుస్తారేమో, నమూనాకి!"

కృపానందానికి నవ్వు రాలేదు. వాపు అతనికి దూరంనుంచే కనిపిస్తోంది. ఇప్పుడు సరిగా పట్టించుకోకపోతే ఆ మండ జన్మలో గట్టిపడదు. పరుగు సంగతి అటుంచి, వరిచేల గట్టుమీద నడక కూడా కష్టమే. పైగా కాకినాడ జట్టుతో కప్పు ఆట దగ్గరపడింది. కొత్తపేటలో పందిళ్ళు వేస్తున్నారు. మంత్రివర్యులు వస్తున్నారు.

అతడు అధ్యక్షుల ఇంటికి వెళ్ళి, తన తల్లి వినకూడని మాట అననే అన్నాడు.

"మీ కాళ్ళు పట్టుకుంటానండీ, ఆ అమ్మాయి కాలు పట్టుకోనివ్వండి."

"నా కాళ్ళు పట్టుకోవడానికి నీకు సర్వాధికారాలూ ఉన్నాయి కదయ్యా!" అన్నారు బుచ్చిరాజుగారు దయతో. "ఆ కాలికే లేవు. అయినా ఎందుకు కంగారు? నా మండ చూడు, ఇనపగుండులా ఉంది. పిల్ల ఆడుతుంది."

ఆట నాటికి కొత్తపేట మైదానంలో ఇసక వేస్తే రాలనంత జనం. వేదికమీద మంత్రివర్యులు. ఆయన చుట్టూ సంఘసభ్యులు. బుచ్చిరాజుగారికి ఏదో బోర్డులో అధ్యక్ష పదవి కావాలి. భాస్కరరావుగారికి ఏదో కమిటీలో సభ్యత్వం కావాలి. తక్కినవారికి ఏమి కావాలో వారికింకా తెలియదు గాని, ముందు కాళ్ళు పట్టుకొంటే తరువాత తడుతుందన్న నిశ్చయంతో ఉన్నారు.

ఆట ముగింపుకొస్తోంది. రెండు వైపులా గోలు లేదు. రూతు కుంటుతూనే బంతిని కాకినాడవారి గోలు ముందుకు తీసుకుపోయింది. వాళ్ళ పిల్ల ఒకతె అడ్డంగా కాలు పెట్టింది. రూతు పడింది. ఈల మోగింది. పెనాల్టీ ఇచ్చేరు.

రూతు లేవలేదు.

కృపానందం గీత దగ్గర నిలబడ్డాడు. ఆ గీత దాటితే ఉద్యోగం లేదు. వెనకనుంచి, ఆడవాళ్ళ గుంపులోంచి ఒక గొంతు లేచింది.

"ఒరే కృపానందం! నిన్ను చదివించింది బొమ్మలా నిలబడ్డానికా? ఎల్లి పట్టుకోరా ఆ కాలు!"

సువార్తమ్మ!

అతడు పరుగెత్తేడు. మోకాళ్ళమీద కూర్చుని, "పట్టుకోనా అమ్మా?" అని అడిగేడు.

"ఇన్నాళ్ళకి అడిగేరాండీ! పట్టండి."

పట్టుకొన్నాడు. మైదానం గుప్పున గుసగుసలాడింది. మండను నొక్కి చూసి, గట్టిగా కట్టు కట్టేడు.

"ఇంక ఆడకూడదు. బయటికి రా."

"ఆయ్, వస్తానండి. ఆ ఒక్క బంతీ కొట్టేసి. ఎడంకాలితోనే కొడతాను లెండి. ఈ కాలు నిలబడితే చాలు కదండీ?"

కాలు నిలబడింది. ఎడంకాలితో కొట్టిన బంతి గోలులో పడింది. కొబ్బరితోటల్లో కాకులన్నీ లేచిపోయేటట్టు జనం అరిచేరు.

ఈ గోలును సంఘసభ్యులెవ్వరూ చూడలేదు. ఆ క్షణంలో వారంతా మంత్రివర్యుల పాదాల దగ్గర వంగి ఉన్నారు. కేకలు విని, ఏమిటో చూద్దామని మంత్రివర్యులు లేవబోయేరు. కుడికాలు బుచ్చిరాజుగారి చేతుల్లో ఉంది, ఎడమకాలు భాస్కరరావుగారి చేతుల్లో ఉంది. లేవడానికి కాళ్ళు కావలసివస్తాయని వారెవ్వరికీ తట్టలేదు. మంత్రివర్యులు వేదికమీద బోర్లా పడ్డారు. చీలమండ బెణికింది.

"పాదసంవాహనాధికారీ!" అని కార్యదర్శివారు ఆక్రోశించేరు.

కృపానందం వచ్చి, చేతులు కట్టుకుని, వినయంగా అడిగేడు: "ఎవరి కాలు మీద చూపించమంటారండీ?"

అలవాటు చొప్పున బుచ్చిరాజుగారు పంచె ఎత్తి కాలు చాపేరు.

"నా కాలు పట్టవయ్యా బాబూ!" అని మంత్రివర్యులు కేక వేసేరు. కృపానందం నవ్వకుండా పట్టేడు. అదే చేతులు, అదే కట్టు.

మరునాటి అత్యవసర సమావేశంలో రెండు తీర్మానాలు ఆమోదించబడ్డాయి. ఒకటి: బహిరంగ ప్రదేశంలో రూతు కాలు పట్టుకొని సంఘగౌరవానికి భంగం కలిగించినందుకు కృపానందాన్ని తొలగించడమైనది. రెండు: బహిరంగ ప్రదేశంలో మంత్రివర్యుల కాలు పట్టుకొని సంఘగౌరవాన్ని ఇనుమడింపజేసినందుకు అతనికి శాలువా కప్పడమైనది. రూతు కాలికి చికిత్స మాటో అని ఒకరు గొణిగితే, కప్పు వచ్చేసింది కనుక ఇక ఆ కాలు సంఘ పరిధిలోకి రాదని కార్యదర్శివారు వివరించేరు.

శాలువాను సువార్తమ్మ మడతపెట్టి అరుగుమీద పరిచింది. ఆమె పర్యవేక్షణలో, రోజూ సాయంత్రం రూతు కాలు దానిమీదే ఉండేది. బోర్డును కూడా మళ్ళీ బయటికి తిప్పించింది.

"ఉండనీరా. మీ తాత పట్టినవి నొప్పిలేని కాళ్ళు. అదీ తేడా," అంది.

ఈ కథ చెప్పినచోటల్లా శ్రోతలు ఎంతో ఆర్ద్రతతో, మంత్రిగారి మండ తగ్గిందా అని అడుగుతూనే ఉన్నారు. తగ్గింది. ఆ రెండో కాలు, రూతు కాలు, మళ్ళీ పరుగెత్తిందా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మీరు అడగబోతున్నారని తెలుసు; ముందు మంత్రిగారి సంగతి తేలాలని ఆగేరు, అంతే.

ఈ కథ చదివినవారికీ, విన్నవారికీ, వింటున్నట్టు తల ఊపినవారికీ ఆ త్రివిక్రముడు దృఢమైన కాళ్ళు ప్రసాదించుగాక. ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కరలేని బతుకు ఇచ్చుగాక. పట్టుకొనక తప్పనినాడు, నొప్పి ఉన్న కాలేదో గుర్తుపట్టే బుద్ధి ముందుగా ఇచ్చుగాక.