కీచుమనే బ్రేకులూ, శ్రీరామరాజు గారి దీర్ఘాలోచనా

మీ కారు బ్రేకులు కీచుమంటున్నాయా? అయితే మీ అంత అదృష్టవంతులు లేరండి! తొందరపడి బాగు చేయించేసుకోకండి. ముందు మా భీమవరం శ్రీరామరాజు గారి సంగతి వినండి.

రాజు గారికి రొయ్యల చెరువులున్నాయి. మేత మార్చాలన్నా, చెరువులో రొయ్యలు పట్టేయాలన్నా గట్టు మీద నిలబడి అప్పటికప్పుడు తేల్చేస్తారు. అలాంటి మనిషిని కారు ముందు చక్రాల బ్రేకు డిస్కులు వేసవంతా ఆలోచనలో పడేశాయి.

బ్రేకు తొక్కితే చాలు, వీధి చివరిదాకా కీచుమనేది. కాలికింద పెడలూ చేతుల్లో స్టీరింగూ చలిజ్వరం వచ్చినట్టు వణికేవి. మెకానిక్ ఉదయభాస్కర్ చక్రం విప్పి చూపించాడు. డిస్కుని నొక్కిపట్టే ప్యాడ్లు అరిగిపోయాయి. డిస్కుల మీద వేలికి తగిలేంత లోతుగా గీతలు దిగాయి.

"రెండు దారులండి. లేత్ మిషను మీద పట్టించి, పైపొర చెక్కించి నున్నగా చేయించొచ్చు. లేదంటే కొత్తవి వేసేయొచ్చు. మందం కొలిస్తే ఏదో తేలిపోద్దండి. కొలవమంటారా?"

కొలిస్తే తేలిపోతుంది. తేలిపోతే ఇక ఆలోచించడానికేం మిగులుతుంది? "ఉండవయ్యా, నలుగుర్నీ అడిగి చెప్తాను" అన్నారు రాజు గారు.

నలుగురూ నలభై మాటలు చెప్పారు. "పాత ఇనుము పాత ఇనుమే బావా! ఇప్పుడొచ్చే డిస్కులు అప్పడాలు. లేత్ పట్టించు" అన్నాడు బావమరిది బుల్లిరాజు. "లేత్ పట్టిస్తేనేనండీ అప్పడాలయ్యేది! కొత్తవి వేయించండి" అన్నాడు పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే ఫణీంద్ర. వాట్సాప్ గ్రూపు లేత్ పార్టీ, కొత్త పార్టీ అని రెండుగా చీలిపోయింది. పాపం, అడ్మినే గ్రూపులోంచి వెళ్లిపోయాడు!

ఈలోగా ఎన్ని లాభాలనుకున్నారు? హారన్‌తో పని లేకుండా పోయింది. ఆ కీచుకి గేదెలు కూడా దారిచ్చేవి. సైకిలు వేగం దాటితే భయం కాబట్టి మైలేజీ పెరిగింది. కారు అరువడిగేవాళ్లు మాయమయ్యారు. అంత గట్టిగా సలహా ఇచ్చిన బుల్లిరాజు కూడా "ఎక్కరా" అంటే "బస్సులో వస్తాలే బావా, గాలి బాగుంటది" అనేవాడు.

అన్నిటికన్నా మించి, ఆయన భార్య సూర్యావతి గారు పెళ్లయిన కొత్తలో కూడా పట్టుకోనంత గట్టిగా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చునేవారు. మలుపు మలుపుకీ గోవిందనామం! దాంపత్యమూ భక్తీ ఒకేసారి పెంచే యంత్రం ఇంకోటి చూపించండి!

ఓ శనివారం దంపతులిద్దరూ కోరుకొండ నరసింహస్వామి దర్శనానికని బయల్దేరారు. కాలవగట్టు మీద మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా బాతుల మంద. రాజు గారు బ్రేకు తొక్కారు. కారు కీచుమంది, వణికింది, ముందుకు మాత్రం పోతూనే ఉంది. స్టీరింగ్ పక్కకి తిప్పేశారు. కారు వెళ్లి గడ్డిమేటులో ముక్కు దూర్చి ఆగింది. బాతులన్నీ క్షేమంగా కాలవలోకి దూకేశాయి. సూర్యావతి గారు గడ్డిలోంచి తలుపు తోసుకుని దిగి, ఆయన వంక చూశారు.

"అదే ఆలోచిస్తున్నాను, లేతా, కొత్తవా అని..." అని గొణిగారాయన.

"మీరు ఆలోచిస్తున్నారని బాతులకి తెలియదు కదండీ!" అన్నారావిడ జడలోంచి గడ్డి దులుపుకుంటూ. అక్కణ్ణుంచే మెకానిక్‌కి ఫోన్ చేశారు. "ఉదయభాస్కర్ గారూ, ముందు కొలవండి. మందం సరిపోతే లేత్, లేకపోతే కొత్తవి. రాజు గారినేమీ అడక్కండి."

నత్తలా ఇంటికి చేరారు. కొలిస్తే, లేత్ పడితే డిస్కు మీద రాసున్న హద్దుకన్నా పల్చబడిపోతుందని తేలింది. కొత్త డిస్కులూ కొత్త ప్యాడ్లూ పడ్డాయి. వేసవంతా తేలని సంగతి టీ తాగేలోపు తేలిపోయింది!

మళ్లీ కోరుకొండ ప్రయాణం. బ్రేకు మీద కాలివేలు వేస్తే ఆగుతోంది కారు. చప్పుడు లేదు, వణుకు లేదు. సూర్యావతి గారు కిటికీలోంచి గోదావరి చూస్తూ హాయిగా కూర్చున్నారు. రాజమండ్రిలో ఎర్రలైటు పడింది. రాజు గారు మెత్తగా ఆపారు. అంతే, వెనకనుంచి ధడేల్!

వెనక కారాయన దిగుతూనే కేకలు. "అలా ఉన్నపళంగా ఆపేస్తే ఎలాగండీ?"

"ఎర్రలైటండీ!"

"అయితే మాత్రం? వెనకున్నవాళ్లని చూసుకోవద్దా?"

"మీ బ్రేకులు పనిచేయవాండీ?" అనడిగారు రాజు గారు, నలిగిన డిక్కీ నిమురుకుంటూ.

ఆయన ఒక్కసారిగా చల్లబడిపోయాడు. దగ్గరికొచ్చి, ఆప్తుడితో చెప్పుకున్నట్టు చెప్పాడు. "అదేనండీ, తేలట్లేదు. లేత్ పట్టించమని మా బాబాయి, మార్చేయమని మా తోడల్లుడూ. ఇంతకీ మీరేమంటారు?"

రాజు గారు ఏమన్నారో ఇక్కడ అచ్చు వేయడం కుదరదు.

కాబట్టి పాఠక మహాశయులారా, మీరేం తొందరపడకండి. ఇంకా పదిమందిని అడగండి, నిదానంగా ఆలోచించుకోండి. అందాకా మీకు బ్రేకుల కొరతేముందండీ? ముందు పోయే మా డిక్కీలు లేవూ!