ఢిల్లీ నుంచి ఉప్పల్ చూడవచ్చిన హిమజ

"పారిస్‌లో ఏముంది, మన ఉప్పల్‌లో లేనిది?" అని తూర్పు నగర పర్యాటక కమిటీ అధ్యక్షులు పరంధామయ్యగారు మైకులో గర్జించారు. జవాబు తెలిసినవాళ్లు కూడా మర్యాదకు చప్పట్లు కొట్టారు. రెండు రోజుల 'సిటీ బ్రేక్' మొదలవుతోందనీ, తొలిరోజు నగర దర్శనం, మలిరోజు పల్లెటూళ్లో వంటల క్లాసు ఉంటాయనీ, పర్యాటకులు వరదలా వస్తారనీ, స్వయంగా మంత్రిగారే విచ్చేస్తారనీ ఆయన ప్రకటించారు.

ప్రయాణం ముందురోజు సాయంత్రానికి ఆ వరదలో ఒక్క చుక్క కూడా రాలేదు.

పర్యాటకులను తెచ్చే బాధ్యత పార్టీ కార్యకర్త నాగేందర్‌ది. తెస్తే డివిజన్ అధ్యక్ష పదవి ఇస్తామన్నారు. అతను నాచారంలో ఇంటికొచ్చి, బట్టల ఫ్యాక్టరీలో కుట్టి కుట్టి అప్పుడే నడుం వాల్చిన భార్య హిమజ ఎదుట కూర్చున్నాడు.

"పెండ్లయినకాంచి ఏడికన్న తీస్కపో అంటున్నవ్ గదా. రేపు పోదాం."

"ఊటీకా?"

"ఉప్పల్‌కు."

హిమజ మొగుడి మొహం పరిశీలనగా చూసింది. "తాగినవా?"

"లేదే. ఏసీ బస్సు. తిండి వాళ్లదే. నువ్వు ఢిల్లీకెల్లి వచ్చినట్టన్నట్టు. ఒక్కటే కండిషన్, తెలుగు మాట్లాడొద్దు."

ఏసీ బస్సు అనేసరికి హిమజ మెత్తబడింది. పొద్దున్నే సూపర్‌వైజర్‌కు జ్వరమని ఫోన్ చేసి, పెళ్లినాటి సల్వార్ వేసుకుని ఎక్కింది. బస్సులో ముంబై దంపతులుగా నాగోల్‌లో కిరాణా కొట్టు నడిపే భూషణం, ఆయన భార్య కూర్చుని ఉన్నారు.

నగర దర్శనం దివ్యంగా సాగింది. ఉప్పల్ చౌరస్తా పైన స్కైవాక్ మీద గుండ్రంగా తిప్పి, ఎక్కినచోటే దింపారు. మ్యాచ్ లేదు గనక స్టేడియం గేటును తృప్తిగా చూపించారు. పైన రోడ్డు లేకుండా ఏళ్లుగా వరుసగా నిలబడ్డ ఫ్లైఓవర్ పిల్లర్ల దగ్గర గైడ్ గొంతు తగ్గించి, "ఇవి ఏ కాలం నాటివో చెప్పడం కష్టం" అన్నాడు. రోజూ సిటీ బస్సులో ఒంటికాలి మీద వెళ్లే హిమజకు, కిటికీ పక్కన కూర్చుని చూస్తే ఉప్పల్ నిజంగానే బాగుందనిపించింది.

అంతలో బస్సు నాచారంలో ఆమె ఫ్యాక్టరీ ముందే ఆగింది. గేటు దగ్గర సూపర్‌వైజర్ చాయ్ తాగుతున్నాడు. హిమజ గభాలున చున్నీ మొహం మీదికి లాక్కుంది.

"ఉత్తరాది సంప్రదాయం!" అని గైడ్ బస్సు వెంట వచ్చిన విలేకరులకు వివరించాడు. ఫోటోలు తీశారు.

మర్నాడు పల్లెటూరు కోసం బస్సు అన్నోజిగూడ దాటి చాలాసేపు వెతికింది. ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. చివరికి పరంధామయ్యగారి బావమరిది వెంచర్‌లో, ప్లాటు రాళ్ల నడుమ, కొత్తగా వేసిన తాటాకు గుడిసె, కిరాయికి తెచ్చిన బర్రె కనిపించాయి. పొయ్యి ముందు రూపాయి బిళ్లంత బొట్టుతో ఓ పల్లె పడుచు తలెత్తింది. ఆమె రాణి. ఫ్యాక్టరీలో హిమజ పక్క మిషన్. ఉండేది కూడా హిమజ వాళ్ల గల్లీలోనే.

"నీకు జ్వరమన్నవ్ గదనే?" అంది రాణి గుసగుసగా.

"మీ అత్తకు ఆపరేషనన్నవ్ గదా?"

"నాగేందరన్ననే పట్కొచ్చిండు. నాది ఊరి మొకమంట."

రాణి సర్వపిండి నేర్పింది. హిమజ గిన్నెలో పిండి ఒత్తి, వేలితో చకచకా చిల్లులు పెట్టింది. ఫోటోగ్రాఫర్ బతిమాలాడు. "మేడం, మీరు మరీ మంచిగ చేస్తున్నరు. జర ఖరాబు చేయుండ్రి."

మంత్రిగారు వచ్చారు. ఓ ముక్క నోట్లో వేసుకుని, కెమెరా వైపు తిరిగి, రాణి భుజం తట్టారు. "తల్లీ, మీ ఊళ్లో సమస్యలేమిటి?"

రాణిని ఇంతవరకు ఎవరూ ఆ మాట అడగలేదు. ఆమె వెంచర్, గుడిసె, బర్రె అన్నీ మరిచి తమ గల్లీ సంగతే చెప్పింది.

"మోరీ పొంగి ఇండ్లల్లకొస్తది సార్. నల్లా రాదు. లైట్లు ఎలగవు. రోడ్డు తవ్వి గట్లనే ఇడిసిపెట్టిన్రు."

"ఔ సార్!" అని అరిచింది హిమజ. "పిల్లలు దినాం ఆ మురికిలకెల్లే బడికి పోతున్నరు!"

నాగేందర్ బర్రె చాటుకు వెళ్లాడు.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "చూశారా! ఢిల్లీ అమ్మాయికి ఒక్కపూటలో తెలుగు వచ్చేసింది. అదీ పర్యాటకం శక్తి!" అని, అక్కడికక్కడే ఆ ఊరికి రోడ్డు, నీళ్లు, డ్రైనేజీ, వీధి దీపాలు మంజూరు చేశారు.

హిమజ, రాణి ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ సాయంత్రం గల్లీలో ఇంటింటికీ ఆ కబురు చెప్పారు.

పనులు మెరుపు వేగంతో పూర్తయ్యాయి. నాగేందర్ డివిజన్ అధ్యక్షుడయ్యాడు. సన్మానం చేయించుకుని, మెడలో దండతో ప్యాంటు పైకి మడుచుకుని గల్లీలోకి వచ్చాడు. హిమజ, రాణి చీపుళ్లతో మోరీ నీళ్లు బయటికి తోస్తున్నారు.

"అన్నా, ఆడ రోడ్డొచ్చిందా?" అంది రాణి.

"మస్తుగొచ్చింది చెల్లె. అద్దం లెక్కున్నది."

"నల్లా?"

"ఇరవై నాలుగ్గంటలు."

హిమజ చీపురు గోడకు ఆనించింది. "ఇగ మనం ఆడికే పోదాం. ఆ గుడిసె అడుగుదాం వాళ్లను, కిరాయికి."

నాగేందర్ దండ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"గుడిసె పీకేసిన్రే," అన్నాడు. "రోడ్డుకు అడ్డమొచ్చింది."