తలకిందులైన బండి, ఆగని ఇంజను

ఉత్తర స్వీడన్‌లోని మిర్‌నెస్ గ్రామ వేటజట్టువారు ఒక శాస్త్రీయ సత్యాన్ని ఏకగ్రీవంగా కనుగొన్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అడవిలో తిరిగే నాలుగు లావు చక్రాల బండి, అంటే ఏటీవీ, బోల్తా పడ్డాక ఇంజను నడుస్తూ ఉంటే దానికి ఏ హానీ జరగదు. హాని అంతా ఆపితేనే. ఈ సత్యం కోసం ఒక ఇంజను ప్రాణాలర్పించింది. ఐనార్ అనే పెద్దమనిషి పరువు కూడా కొంత ఖర్చయింది గాని, అది తర్వాత తిరిగి వచ్చింది.

ఐనార్ వడ్రంగి. దక్షిణాది నుంచి వచ్చి ఈ ఊరి మైలిస్‌ను పెళ్లాడాడు. ఊళ్లో ఇల్లుంది, పిల్లలున్నారు, చలికాలానికి సరిపడా కట్టెలున్నాయి. వేటజట్టులో చోటు మాత్రం లేదు. మిర్‌నెస్‌లో జట్టులో లేనివాడు ఉన్నా లేనట్టే. సెప్టెంబరు వచ్చిందంటే ఊరంతా మాట్లాడుకునేది మూస్ దుప్పుల గురించే. జట్టులో లేనివాడు కొట్లోకి అడుగుపెడితే చాలు, అందరూ మాట మార్చి వాన గురించి మొదలుపెడతారు. వాన గురించి విని విని ఐనార్‌కు విసుగొచ్చింది. అందుకే కొన్నేళ్లుగా అతను జట్టులో ‘పరిశీలనలో ఉన్న అభ్యర్థి’గా తిరుగుతున్నాడు. నిప్పు రాజెయ్యాలి, కుక్కల్ని పట్టుకోవాలి, నోరు మూసుకోవాలి. వీటిలో నిప్పే కాస్త తేలిక. ఈ వేట ముగియగానే అతని మీద ఓటింగు. ఒక్క చెయ్యి లేవకపోయినా ఇంతే సంగతులు, మళ్లీ వానే.

జట్టు ఉమ్మడి బండికి బాధ్యుడు సిక్స్టెన్. జట్టు నాయకుడు ఎవాల్డ్‌కు ఇతను స్వయానా బావమరిది. అర్హతలు ఇంకా ఉన్నాయేమో, ఎవరూ అడగలేదు. బండి మరీ ఒరిగిపోతే ఇంజనును తనంతట తానే ఆపేసే పరికరం ఒకటి కంపెనీవాళ్లు దానికి అమర్చారు. ఒక ఏటవాలు గట్టు మీద ఆ పరికరం సిక్స్టెన్‌ను మాటైనా అడక్కుండా ఇంజను ఆపేసింది. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి ఒక ప్లాస్టిక్ ముక్క శంకించడమా అని జట్టు అత్యవసరంగా సమావేశమై, దాన్ని పీకించి పారేసింది. ఆ రోజు నుంచి బండి మనుషుల మాట వినడం నేర్చుకుంది.

విషయానికి వద్దాం. ఆ ఉదయం గున్‌బోర్గ్ ఒక పెద్ద మగ దుప్పిని కొట్టింది. ఆమెకు డెబ్బై దాటాయి, గురి మాత్రం తప్పదు. దుప్పి చిత్తడి నేలకు అవతల పడింది. దాన్ని లాక్కురావడానికి సిక్స్టెన్ బండెక్కాడు. అందరూ చూస్తున్నారు కదా అని మామూలు దారి వదిలేసి గట్టు మీదికి పోనిచ్చాడు. ముందు చక్రాలు బండరాయి ఎక్కాయి, బండి లేచి నిలబడింది, కాసేపు ఆలోచించింది, వెల్లకిలా పడింది. సిక్స్టెన్ అంతకుముందే నాచులోకి దూకేశాడు. నాలుగు చక్రాలూ ఆకాశంలో తిరుగుతున్నాయి. ఇంజను మాత్రం గుర్రుమంటూనే ఉంది.

“బతికే ఉన్నావా సిక్స్టెన్?” అని గున్‌బోర్గ్ కేకేసింది.

“బతికే ఉన్నా. బండో?”

“అదీ బతికే ఉంది. వినపడట్లేదూ?”

ఐనార్ బండికి నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. తాళంచెవి కనబడుతూనే ఉంది. చెయ్యి చాపాడు. అంతలో ఎవాల్డ్ గొంతు సవరించుకున్నాడు.

“మిత్రులారా, తొందరొద్దు. తాళంచెవి బండి బాధ్యుడిది. అది మన నియమం. కానీ ఇక్కడ బండి పడేసింది బాధ్యుడే. తన తప్పు మీద తనే తీర్పు చెప్పుకుంటే జనం ఏమంటారు? కాబట్టి సిక్స్టెన్ తప్పుకోవాలి. నేనేమో అతని అక్క మొగుణ్ణి. కాబట్టి నేనూ తప్పుకుంటున్నా.”

ఇంత నిజాయితీ గల నాయకుణ్ణి ఎక్కడైనా చూశామా అన్నట్టు అందరూ తలలూపారు. ఇంజను కూడా చలించిపోయి నీలం పొగ వదిలింది.

“మరి ఎవరాపాలి?” అంది గున్‌బోర్గ్.

“అది నిర్ణయించుకోవాలి.”

“నిర్ణయించాలంటే కాఫీ ఉండాలిగా. ఏవయ్యా ఐనార్, నిప్పు చూడు.”

కాఫీ లేకుండా మిర్‌నెస్‌లో పెళ్లయినా కుదరదు, విడాకులైనా కుదరవు. ఐనార్ నిప్పు రాజేశాడు. కెటిల్ పెట్టాడు. అక్కడివాళ్లు తాగే పద్ధతిలో కొయ్య గిన్నెల్లో జున్ను ముక్కలు వేసి, వాటి మీద కాఫీ పోసి అందరికీ అందించాడు. ఇంజను వెల్లకిలా నడుస్తూనే ఉంది. ఆనవాయితీ ప్రకారం చర్చ నిప్పు చుట్టూ ఒక్కొక్కరి వంతున సాగింది.

పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన అల్గోట్ మొదలుపెట్టాడు. “విమానాలు తలకిందులుగా ఎగరట్లా? నా కళ్లతో చూశా.”

“నువ్వు చూసింది టీవీలో,” అంది గున్‌బోర్గ్.

“టీవీలోదైతే మాత్రం అది విమానం కాదా తల్లీ?”

సిక్స్టెన్ నిర్ణయం నుంచి తప్పుకున్నాడు గాని, విజ్ఞానం నుంచి తప్పుకోలేదు. “ఇంజనుకి కిందేదో పైనేదో ఏం తెలుస్తుంది? దానికేమన్నా కళ్లున్నాయా? నడుస్తోందంటే బాగున్నట్టే. జబ్బు చేసినవాడెవడైనా ఇలా అరుస్తాడా?”

“మొన్న మా ఆయన పన్నునొప్పికి అరిచాడు,” అంది గున్‌బోర్గ్. దాన్ని చర్చనీయాంశం కాదని ఎవాల్డ్ తోసిపుచ్చాడు.

పాఠకులకు ఒక సంగతి మనవి చేసుకోవాలి. నూనె ఇంజను అడుగున ఉంటుంది, పంపు అక్కణ్ణుంచే తోడుతుంది. అడుగు పైకెళ్లి కూర్చుంటే పంపు గాలే పీలుస్తుంది, లోపలి ఇనుము ఎండు ఇనుముతో రాసుకుంటుంది, నూనె తన ఇష్టమొచ్చిన చోటికి పాకుతుంది. ఇది అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరింట్లోనైనా సొంత బండి ఇలా పడితే బూట్లు కూడా వేసుకోకుండా పరుగెత్తి ఆపేవాళ్లే. కానీ ఇది ఉమ్మడి బండి. ఉమ్మడి బండి దగ్గర సొంత తెలివి బయటపెట్టడం మర్యాద కాదు.

గాలి వడపోసే డబ్బాలోంచి నూనె నాచు మీదికి కారుతోంది. ఐనార్‌కు ప్రాణం విలవిల్లాడింది. చక్కగా నడిచే యంత్రం కళ్ల ముందే చచ్చిపోతుంటే చేతిలో కెటిల్ పట్టుకుని నిలబడటం అతనికి ఏడుపు తెప్పించింది.

“ఏమీ అనుకోకపోతే...” అన్నాడు.

“అభ్యర్థికి వినే హక్కుంది, ఐనార్,” అన్నాడు ఎవాల్డ్ ఎంతో ఆప్యాయంగా. “ఆ హక్కుని మేమెప్పుడైనా కాదన్నామా?”

రెండో విడత కాఫీ అయ్యేసరికి ఇంజను గొంతు మారింది. లోపల టకటకమని ఏదో కొట్టుకోసాగింది. పాట అందుకుందన్నాడు అల్గోట్. ఇక ఐనార్ వల్ల కాలేదు. కట్టెలు తెస్తానని లేచాడు, కట్టెల వైపు కాకుండా బండి వైపు నడిచాడు, వంగి తాళంచెవి తిప్పేశాడు.

అడవి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఎవరూ తిట్టలేదు. మిర్‌నెస్‌లో తిట్టరు. అందరూ తమ తమ గిన్నెల్లోకి చూసుకున్నారు.

“అలాగా,” అంది గున్‌బోర్గ్.

ఆ ఊళ్లో అంతకు మించిన తిట్టు లేదు.

బండిని అందరూ కలిసి తిరగేసి నిలబెట్టారు. బండి లేచింది కనుక ప్రమాదం ముగిసింది, ముగిసింది కనుక తాళంచెవి మళ్లీ సిక్స్టెన్‌ది. అతను వెంటనే ఎక్కి కూర్చున్నాడు.

“కాసేపు ఆగు సిక్స్టెన్,” అన్నాడు ఐనార్. ఎలాగూ మునిగాం కదా అనిపించింది. “నూనె కిందికి దిగనీ. ప్లగ్గు విప్పి చూద్దాం. సిలిండర్లో నూనె నిండి ఉంటే, స్టార్ట్ చెయ్యగానే లోపలి కడ్డీ విరిగిపోతుంది.”

“ఇంతసేపూ నడిచిందానికి ఇప్పుడు పరీక్షలేంటయ్యా?” అని సిక్స్టెన్ మీట నొక్కాడు. లోపల ఏదో ఫెటేలుమంది. నమ్మకం కుదరక మళ్లీ నొక్కాడు. ఈసారి ఆ ఫెటేలు కూడా లేదు. దుప్పిని చిత్తడి మీదుగా తాళ్లతో మనుషులే ఈడ్చారు. గున్‌బోర్గ్ ఒడ్డున నిలబడి అందరికీ సలహాలిచ్చింది.

ఇంజను చావు మీద విచారణ, ఐనార్ మీద ఓటింగు, రెండూ ఊరి సమావేశ మందిరంలో ఒకే సాయంత్రం పెట్టారు. బయల్దేరేముందు మైలిస్ అతని కాలరు సరిచేస్తూ, “నోరు కుట్టేసుకుని కూర్చో. వేటలో మా నాన్న కాపు కూర్చున్న గుట్ట మీద నువ్వు కూర్చోవాలి. పంతాలకి పోయావో, జన్మంతా వాన గురించి మాట్లాడుకుంటూ బతుకుదాం,” అంది.

ఎవాల్డ్ నిలబడి ప్రసంగించాడు. “మిత్రులారా, మనది ఆవేశాలకు లోనయ్యే జట్టు కాదు. వాస్తవాలే చూద్దాం. పడకముందు ఇంజను నడిచింది. పడ్డాక నడిచింది. మనం చర్చిస్తున్నంతసేపూ నడిచింది, ఇందరం సాక్షులం. ఆపారు. ఆ తర్వాత నడవలేదు. ఇందులో నా అభిప్రాయమంటూ ఏమీ లేదు. ఐనార్, నువ్వు నిజాయితీపరుడివి. నువ్వు తాళంచెవి తిప్పే క్షణం దాకా అది నడుస్తోందా, లేదా?”

ఐనార్ లేచాడు. టకటకల గురించీ, నూనె గురించీ, ఆ ఫెటేలు గురించీ గొంతు దాకా వచ్చింది. ఎదురుగా బల్ల మీద సిక్స్టెన్ కుడిచెయ్యి బద్ధకంగా పడుకుని ఉంది. ఇంకాసేపట్లో అది లేవాలి. ఆ ఉత్తరాది ఊళ్లలో అవునని నోటితో చెప్పరు, పెదవులు ముడిచి గాలి లోపలికి పీలుస్తారు. ఐనార్ గాలి పీల్చాడు. ఈ ఊరొచ్చిన ఇన్నేళ్లలో అంత స్వచ్ఛంగా ఎప్పుడూ పీల్చలేదు.

తప్పొప్పుకునే గుండె ధైర్యం గలవాడని ఎవాల్డ్ కొనియాడాడు. చేతులన్నీ లేచాయి, అందరికంటే ముందు సిక్స్టెన్‌ది. గున్‌బోర్గ్ ఐనార్ వీపు తట్టి, “ఇప్పుడు మనవాడివయ్యావు,” అంది. వెంటనే తర్వాతి తీర్మానం చదివారు: ఇకమీదట బోల్తా పడిన బండి ఇంజనును ఏ సభ్యుడూ ఆపరాదు. సభ్యుడిగా ఐనార్ వేసిన తొలి ఓటు దానికే. చెయ్యి బాగా పైకెత్తాడు, ఇంటికెళ్తూ దారి పొడవునా ఆ చేతిని జేబులో దాచుకున్నాడు.

తలకిందులుగా నడుస్తున్నదాన్ని ఆపినవాడే పాడుచేశాడని తేల్చడానికి మిర్‌నెస్‌వారికి ఒక వేట, ఒక విచారణ, రెండు విడతల కాఫీ కావలసి వచ్చాయి. పాపం, వెనకబడిన ప్రాంతం. మనవైపైతే కాఫీ కూడా అక్కర్లేదు.