అయిదో అంతస్తులో ఆదివారం విషప్రయోగం

విషం మనిషికి మేలు చేస్తుంది. కావాలంటే రాసి పెట్టుకోండి. ఎలుకలకు పెట్టే విషం సంగతి కాదు నేను చెప్పేది. ఆదివారం మధ్యాహ్నం టీవీలో, వెల్వెట్ అంగీ తొడుక్కున్న పెద్దమనిషి చిరునవ్వుతో తమ్ముడి ద్రాక్షసారాలో కలిపే విషం.

చదువుకున్నవాళ్లంతా ఈ మధ్య ‘మలస్పాదా వంశం’ సీరియల్ మీద విరుచుకుపడుతున్నారు. ఆరు వందల ఏళ్ల కిందటి మన ఫ్లోరెన్స్ ప్రభువులు అందులో టమాటాలు తింటున్నారట, అవి పెరిగే దేశం ఒకటుందని ఎవరికీ తెలియకముందే! పెద్ద చర్చి గుమ్మటం రెండో వారంలో పూర్తయి, ఆరో వారంలో కట్టడం మొదలుపెట్టారట! అయితే ఏమిటండీ? మా వీధి రోడ్డు పనీ అలాగే జరిగింది. దాని మీద ఎవరైనా వ్యాసం రాశారా?

నేనుండేది ఆర్నో నదికి ఇవతల, ఏడు కాపురాల పాత మేడలో, కింది అంతస్తులో. సీరియల్ రాకముందు మా మేడవాళ్ల సమావేశం చూడాల్సింది. మెట్ల మీద తడిగుడ్డ ఎవరు ఆరేశారన్న విషయం మీద నాలుగు గంటలు అరుచుకున్నాం. ఒకసారి పూలకుండీ కూడా గాల్లోకి లేచింది. ఇప్పుడో? ఎంత నాగరికత! ఎవరూ అరవరు. మెట్ల మలుపులో ఇద్దరిద్దరుగా నిలబడి గుసగుసలాడుకుంటారు, నన్ను చూడగానే తలవంచి నమస్కరిస్తారు.

రెండో అంతస్తు పళ్ల డాక్టరు ఫోస్కోగారు సమావేశానికి మెరూన్ రంగు డ్రెస్సింగ్ గౌను వేసుకొచ్చి, ‘నేను’ అనడం మానేసి ‘మేము’ అంటున్నారు. మూడో అంతస్తు లొరెదానా ఏ కాఫీ అయినా ముందు మొగుడి చేత తాగించి, అతను నిలబడే ఉన్నాడని చూసుకుని, తర్వాత తను తాగుతోంది. నెల్లో అనే ఆ మొగుడు అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పాతికేళ్ల కాపురంలో అతనికి వేడి కాఫీ దొరకడం ఇదే మొదలు.

ఇంతకీ మేమంతా ఈ సీరియల్‌కి ఎలా తగులుకున్నాం? లిఫ్టు చచ్చిపోయింది కాబట్టి.

చచ్చిపోయి పద్నాలుగు నెలలు. అయిదో అంతస్తులో ఆర్జియా మామ్మగారు ఒక్కతే ఉంటుంది. ఎనభై నాలుగేళ్లు. మోకాళ్లు లిఫ్టు కంటే ముందే పాడయ్యాయి. ఆవిడ కిందికి దిగలేదు గనక, ఆవిడ రొట్టె, పాలు మేమే వంతులవారీగా పైకి మోస్తున్నాం. నూట పన్నెండు మెట్లు! సంచీ అందించి వెంటనే దిగిపోదామంటే ఊపిరి ఒప్పుకోదు. కాసేపు కూలబడాలి. ఎదురుగా గోడంత టీవీ. అందులో ఎవరో ఎవరికో విషం పోస్తుంటారు. సగంలో లేచి వెళ్లగలరా మీరు? ఒక ఆదివారం ఇద్దరం ఉన్నాం, తర్వాతి నెలకి ఏడు ఇళ్లవాళ్లమూ మామ్మగారి హాల్లోనే ఉన్నాం, కుర్చీలు మోసుకెళ్లి మరీ.

కిందటి ఆదివారం కొత్త లిఫ్టు సంగతి తేల్చడానికి సమావేశం కూడా అక్కడే పెట్టుకున్నాం. ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుందని మా మేడ పాత నిబంధన. చేతులెత్తితే సరిపోయేది. కానీ ఫోస్కోగారు గౌను సవరించుకుని, సీరియల్లో మలస్పాదా సభవారు చేసినట్టే గింజలతో రహస్యంగా ఓటు వేద్దామన్నారు. నల్ల చిక్కుడు గింజ అంటే సరే, తెల్లది అంటే వద్దు. పిడికిలి మూసుకొచ్చి మూత పెట్టిన రాగి గిన్నెలో పడేయాలి. అందరికీ ఒళ్లు పులకరించింది.

మామ్మగారు వంటింట్లోంచి డబ్బాలు తెచ్చింది. తలా ఒక నల్లదీ ఒక తెల్లదీ నేనే పంచాను. నల్లవి బోలెడున్నాయి, తెల్లవి ఆరే తేలాయి. మిగతావన్నీ మామ్మగారు పొద్దున్నే సూపుకి నానబోసిందట. తన గింజ తను చూసుకుంటానంది.

గిన్నె బోర్లించాం. ఆరు నల్లవి. ఒకటి తెల్లది.

ఆరు ఇళ్లవాళ్లూ నా వైపు తిరిగారు. మేడ మొత్తంలో లిఫ్టు అక్కర్లేనివాణ్ణి నేనొక్కణ్ణే మరి. “కింద ఉండేవాళ్లకి పైవాళ్ల మోకాళ్ల నొప్పులు ఏం తెలుస్తాయిలెండి,” అంది లొరెదానా. ఫోస్కోగారు తన కుర్చీని నా పక్కనుంచి జరుపుకున్నారు. నేను నిజంగానే నల్లది వేశాను. అదే చెబుదామని నోరు తెరిచి, రుజువుగా నా దగ్గర మిగిలిన తెల్లదాని పక్కన పెట్టి చూపిద్దామని ఆ తెల్ల గింజను చేతిలోకి తీసుకున్నాను.

మెత్తగా తగిలింది. ఉబ్బి, తడితడిగా ఉంది.

మామ్మగారి వైపు చూశాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటోంది. నేను నోరు మూసుకుని, గింజ జేబులో వేసుకున్నాను.

సీరియల్ మొదలై, అందరూ అందులోని చర్చి పెద్ద కార్డినల్ గారి చావులో మునిగి ఉండగా, మామ్మగారు సూపు గిన్నె నా చేతిలో పెడుతూ వంగింది. “లిఫ్టు వస్తే పాలసీసా ఒక్కటే పైకొస్తుంది, నాయనా,” అంది మెల్లగా. నా గిన్నెలో రెండు గరిటెలు ఎక్కువే పోసింది.

అంత మాట పడాల్సినంత పాపం మేం చేశామా అని నాకు రోషం వచ్చింది. కూర్చుని గుర్తు చేసుకున్నాను. లిఫ్టు బ్రహ్మాండంగా పనిచేసిన పంతొమ్మిదేళ్లలో నేను ఆవిడ గడప తొక్కింది సున్నా సార్లు. ఫోస్కోగారూ అంతే. ఆవిడ పేరు ఆర్జియా అని లొరెదానాకి మొన్నటిదాకా తెలియదు. మీ మేడలో పైన ఎవరుంటారో మీకు తెలుసా?

ఇప్పుడు మేడలో నేను ద్రోహిని. లొరెదానా మొగుడు నెల్లో ఒక్కడే పలకరిస్తున్నాడు, అదీ భార్య చూడనప్పుడు. పరవాలేదు, మలస్పాదావాళ్లు ఇంతకంటే పెద్ద నిందలే మోశారు. వచ్చే నెల మళ్లీ ఓటు ఉంది. మామ్మగారి కోసం ఎండు తెల్ల గింజలు అరకిలో కొని పైకి మోసుకెళ్లాను.

నా దిగులల్లా ఒక్కటే. ఆ వంశంలో ఇక బతికున్నది ముగ్గురు. సీరియల్ తీసే అయ్యలారా, మీకు దండం పెడతాను, వాళ్లను కాస్త నెమ్మదిగా చంపండి.